తూలే వోల్టేజికి మట్టిలోనే మందు

ఒకరి ఇంట్లో బల్బు మిణుకుమంటుంది, పక్కింట్లో టీవీ కాలిపోతుంది. నింద కరెంటు మీద పడుతుంది. అసలు దోషం మాత్రం చాలాసార్లు ట్రాన్స్‌ఫార్మర్ కింది మట్టిలోనో, ఎవరూ లెక్కచేయని నాలుగో తీగలోనో ఉంటుంది

వేసవి సాయంత్రం ఏడు గంటలు. ఊరి మొదట్లోని ఇళ్లలో బల్బులు కిరసనాయిలు బుడ్డిలా మిణుకుమంటుంటాయి. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అదే వీధిలో నాలుగిళ్ల అవతల మాత్రం లైట్లు కళ్లు చెదిరేలా వెలిగి ఠప్పున ఆరిపోతాయి. టీవీ వెనకనుంచి కాలిన వాసన వస్తుంది. కొత్తగా కొన్న ఫ్రిజ్ మూగబోతుంది. విచిత్రమేమిటంటే, ఊరి చివరి పిండిమిల్లు మాత్రం ఏమీ జరగనట్టే తిరుగుతూ ఉంటుంది.

'హై వోల్టేజి వచ్చింది' అని ఊరు తీర్మానిస్తుంది. సబ్‌స్టేషన్‌కు ఫోన్లు వెళ్తాయి. అక్కడ మీటర్లు చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే కాదు, దేశంలో ఏ రాష్ట్రపు పల్లెలోనైనా ఇలాంటి సాయంత్రం ఎదురుకావచ్చు. పట్నాల్లోని అపార్ట్‌మెంట్లకూ మినహాయింపు లేదు. సబ్‌స్టేషన్ అబద్ధం చెప్పడం లేదు, ఊరూ అబద్ధం చెప్పడం లేదు. కరెంటు ఎక్కువ రాలేదు. ఉన్నదే వంకరగా పంపకమైంది. దానికి సాక్షి ఆ పిండిమిల్లే.

గుంజ ఊడితే...

ఊళ్లోకి 11 వేల వోల్టులు మూడు తీగల మీద వస్తాయి. గద్దె మీది ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గించి నాలుగు తీగల మీద పంచుతుంది. మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఏ రెండు ఫేజుల మధ్య కొలిచినా దాదాపు 415 వోల్టులు ఉండాలి. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ మధ్య 240 ఉండాలి. పిండిమిల్లు మోటారు, పొలంలో బోరు మోటారు మూడు ఫేజులనూ వాడుకుంటాయి. వాటికి న్యూట్రల్‌తో పనిలేదు. ఇంటికి వచ్చేది మాత్రం ఒక ఫేజు, దానితోపాటు న్యూట్రల్.

మూడు పశువులను ఒకే గుంజకు కట్టారనుకోండి. మూడూ సమానంగా లాగినంతసేపు గుంజ మీద భారమే తెలియదు. ఒకటి గట్టిగా లాగినా గుంజ నేలలో బలంగా ఉంటే కదలదు. అదే గుంజ ఊడిపోతే? బలమైన పశువు ఎటు లాగితే అటు పోతుంది, మిగతా రెండూ తూలిపోతాయి. కరెంటు లెక్కలో ఆ గుంజే న్యూట్రల్. దాన్ని పాతిన నేలే ఎర్తింగ్.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ జాయింటు వదులైనా, దారిలో తీగ తెగినా జరిగేది ఇదే. ఒక ఫేజు మీద 900 వాట్ల లోడు, మరో ఫేజు మీద 300 వాట్ల లోడు ఉన్నాయనుకుంటే, న్యూట్రల్ పోయిన మరుక్షణం ఆ రెండూ 415 వోల్టుల మధ్య గొలుసులా తగులుకుంటాయి. ఎక్కువ వాడుతున్న ఇంటికి దక్కేది దాదాపు 104 వోల్టులు. తక్కువ వాడుతున్న ఇంటి మీద పడేది 311. అంటే పొదుపుగా ఒక లైటు, ఒక టీవీ వేసుకున్న ఇల్లే ఎక్కువ నష్టపోతుంది. అప్పుడు కూడా రెండు ఫేజుల మధ్య 415 చెక్కుచెదరదు. అందుకే పిండిమిల్లు తిరుగుతూనే ఉంటుంది.

న్యూట్రల్ తెగడానికి పెద్ద ప్రమాదమేమీ జరగనక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ బుషింగ్ రాడ్డు రాగిది లేదా ఇత్తడిది, లైను తీగ అల్యూమినియంది. ఈ రెంటినీ సరైన క్లాంపు లేకుండా మెలిపెట్టి వదిలేస్తే వానకు, ఎండకు జాయింటు తుప్పు పడుతుంది. వేడెక్కుతుంది, వదులవుతుంది, ఒకరోజు విడిపోతుంది. ఖర్చు తగ్గుతుందని చాలాచోట్ల న్యూట్రల్‌కు ఫేజు తీగకంటే సన్నటి తీగ వేశారు. మూడు ఫేజులూ సమంగా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు ఉండదన్నది పాత లెక్క. కంప్యూటర్లు, ఎల్‌ఈడీ లైట్లు, ఇన్వర్టర్ల కాలంలో ఆ లెక్క తప్పింది. ఈ పరికరాలు పుట్టించే మూడో హార్మోనిక్ కరెంట్లు ఫేజుల మధ్య రద్దు కాకుండా న్యూట్రల్‌లో ఒకదాని మీద ఒకటి పోగవుతాయి. ఫేజులు చల్లగా ఉన్నా న్యూట్రల్ కాగుతుంది.

మీటరు చెప్పే జాతకం

వోల్టేజి సమంగా లేదంటే కారణం ఒక్కటే కానక్కర్లేదు. కానీ ఒక్కో జబ్బుకు ఒక్కో నాడి ఉంది. అది తెలిసిన ఉద్యోగి స్తంభం ఎక్కకముందే సగం సంగతి చెప్పగలడు. ఫేజుకూ ఫేజుకూ మధ్య మూడు కొలతలు, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మూడు, చివరగా న్యూట్రల్‌కూ భూమికీ మధ్య ఒకటి. మొత్తం ఏడు అంకెలు.

ఫేజుల మధ్య మూడూ 415 దగ్గరే ఉండి, న్యూట్రల్‌తో కొలిస్తే 170, 250, 290 ఇలా చెల్లాచెదురుగా వస్తే న్యూట్రల్ తెగిందని అర్థం. న్యూట్రల్‌కూ భూమికీ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉండాల్సిన చోట పదుల్లో కనిపిస్తే అనుమానం రూఢి అవుతుంది.

న్యూట్రల్‌తో కొలిస్తే ఒక ఫేజులో 240, మిగతా రెంటిలో దాదాపు 120 చొప్పున వస్తే తప్పు ఊళ్లో లేదు, పైన ఉంది. 11 వేల వోల్టుల వైపు ఒక ఫ్యూజు పోయింది లేదా ఒక తీగ తెగింది. మన డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లలో పైవైపు డెల్టా, కిందివైపు స్టార్ చుట్లు ఉంటాయి. అందువల్ల పైన ఒక ఫేజు పోతే కింద ఒక ఫేజు నిండుగా, రెండు ఫేజులు సగం సగంగా మిగులుతాయి. అప్పుడు ఫేజుల మధ్య కొలిస్తే రెండుచోట్ల 360, ఒకచోట సున్నా వస్తాయి. లోడును బట్టి ఈ అంకెలు కాస్త అటూఇటూ అయినా పోలిక మారదు. ఊళ్లో మూడో వంతు ఇళ్లు వెలుగుతూ, మిగతావి మిణుకుమంటున్నాయంటే చాలావరకు ఇదే. బోర్ల మోటార్లు కాలిపోయేదీ ఇప్పుడే. మూడు ఫేజుల మోటారు ఒక ఫేజు పోయినా గుర్రుమంటూ మిగతావాటినుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. నిమిషాల్లో వైండింగ్ మాడిపోతుంది.

రెండు ఫేజులు బాగుండి ఒకటి పూర్తిగా చీకటైతే కింది ఫ్యూజు పోయినట్టు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అంకెలు బాగుండి లైను చివర మాత్రం తక్కువగా వస్తే తీగ పొడవో, లోడో ఎక్కువైనట్టు. మధ్యాహ్నం బాగుండి సాయంత్రం ఒక్క ఫేజే కుంగితే ఇళ్లన్నీ ఆ ఫేజుకే తగిలించారన్నమాట. లోడును మూడు ఫేజులకూ సర్దితే సరిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన జబ్బుకు బయటికి లక్షణాలే ఉండవు. ఫేజుల మధ్య 415, న్యూట్రల్‌తో 240, అన్నీ నిఖార్సుగా ఉంటాయి. లైట్లు వెలుగుతుంటాయి, ఎవరూ ఫిర్యాదు చేయరు. కానీ ఫేజుకూ భూమికీ మధ్య కొలిస్తే ఒకచోట దాదాపు సున్నా, మిగతా రెండుచోట్ల 400 దాటి వస్తుంది. అంటే ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు భూమితో సంబంధమే తెగిపోయింది. ఎక్కడో ఒక ఫేజు చెట్టుకొమ్మకో, తడి గోడకో, స్టే వైరుకో తగులుకుని ఉంది. ఏ ఫ్యూజూ పోదు, ఎవరికీ తెలియదు. మిగిలిన రెండు ఫేజుల్లో దేన్ని ముట్టుకున్నా దెబ్బ 240 వోల్టులది కాదు, 415 వోల్టులది.

చేతిలోని మీటరును కూడా గుడ్డిగా నమ్మకూడదు. డిజిటల్ మల్టీమీటరు అతి స్వల్ప కరెంటుకే స్పందిస్తుంది. రెండు కొసలూ తెగి వేలాడుతున్న తీగ మీద కూడా, పక్క తీగల ప్రభావంతో పదుల వోల్టులు చూపిస్తుంది. అందుకే అనుభవజ్ఞులు మీటరుతోపాటు టెస్ట్ ల్యాంపునూ వెంట ఉంచుకుంటారు. బల్బు వెలిగితేనే అది నిజమైన కరెంటు. అయితే ఫేజుల మధ్య 415 ఉంటుంది కాబట్టి రెండు బల్బులను వరసగా కలిపిన ల్యాంపే వాడాలి. ఒక్క బల్బుతో వెళ్తే అది చేతిలోనే పేలుతుంది.

మూడు గుంతలు, ఒక నిబంధన

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ త్రికోణంలో మూడు ఎర్త్ గుంతలు ఉండాలన్నది గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఖరారు చేసిన పద్ధతి. ఒక గుంత పిడుగులనుంచి కాపాడే లైట్నింగ్ అరెస్టర్లకు. మిగతా రెంటికీ న్యూట్రల్‌నుంచి విడివిడిగా తీగలు దిగాలి. ట్రాన్స్‌ఫార్మర్ బాడీ, ఏబీ స్విచ్ హ్యాండిల్ కూడా వాటికే కలవాలి. గుంతలో ఇనుప గొట్టం, దాని చుట్టూ పొరలు పొరలుగా బొగ్గు, ఉప్పు. పైన నీళ్లు పోయడానికి తూము. ఇది రాకెట్ శాస్త్రం కాదు. మేస్త్రి, కూలీ, ఒక పూట పని.

కష్టమంతా మన నేలతోనే. డెల్టాలోని నల్లమట్టి తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి అక్కడ ఎర్తింగ్ సులువు. రాయలసీమలో, తెలంగాణ పీఠభూమిలో రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది. ఎండిన మొరం, గ్రానైటు కరెంటును తేలిగ్గా పోనివ్వవు. డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎర్త్ నిరోధం 5 ఓమ్‌లు మించకూడదన్నది విద్యుత్ సంస్థలు పాటించాల్సిన ప్రమాణం. వానాకాలంలో అందులోపే ఉన్న గుంత, ఏప్రిల్‌లో మట్టి నెర్రెలిచ్చాక అదే మాట మీద నిలబడదు.

ఈ సంగతి చట్టం రాసినవారికి బాగా తెలుసు. భారత విద్యుత్ నిబంధనలు-1956 లోని 61వ నిబంధన ప్రకారం మూడు ఫేజుల, నాలుగు తీగల వ్యవస్థలో న్యూట్రల్‌ను కనీసం రెండు వేర్వేరు మార్గాల్లో భూమికి కలపాలి. అంతటితో ఆగలేదు. సరఫరాదారుకు చెందిన ఎర్తింగ్‌నంతా కనీసం రెండేళ్లకోసారి పరీక్షించాలని, అదీ పొడి కాలంలో, పొడి రోజున చేయాలని స్పష్టంగా రాసింది. ఫలితాలను రికార్డు చేసి కనీసం రెండేళ్లు భద్రపరచాలని, ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపాలని కూడా చెప్పింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో ఆ పాత నిబంధనల స్థానంలో తెచ్చిన భద్రతా నిబంధనలు కూడా ఇదే మాటను కొనసాగించాయి.

నిబంధన పదునుగానే ఉంది. పాటించే తీరు మాత్రం గద్దె దగ్గరికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. గుంత మీద ముళ్లకంపలు, తుప్పుపట్టి సగంలో తెగిన ఎర్త్ పట్టీ, కొన్నిచోట్ల పట్టీయే మాయం. ట్రాన్స్‌ఫార్మర్లను పగలగొట్టి రాగి చుట్లను, ఆయిలును ఎత్తుకెళ్లే దొంగలకు ఎర్త్ తీగ ఒక లెక్క కాదు. తీగ పోయిన రోజున ఏ లైటూ ఆరదు. కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు.

ఫ్యూజుకు తెలియని మరణం

2021లో దేశంలో విద్యుదాఘాతంతో 12 వేల మందికి పైగా చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఆ మరణాలన్నిటికీ ఎర్తింగే కారణం కాదు. కానీ పొలం గట్టు మీద తెగిపడిన తీగ తొక్కి రైతు చనిపోయాడన్న వార్త చదివినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. తీగ తెగిపడిన వెంటనే ఫ్యూజు ఎందుకు పోలేదు?

జవాబు సాదాసీదా భాగాహారంలో ఉంది. తీగ పడిన పొడి నేల నిరోధం 100 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ నిరోధం 5 ఓమ్‌లు అనుకుంటే 240 వోల్టుల దగ్గర ప్రవహించే కరెంటు రెండు ఆంపియర్ల పైచిలుకు మాత్రమే. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడు మీద ఇచ్చే కరెంటు ఫేజుకు 133 ఆంపియర్లు. ఆ ఫ్యూజు దృష్టిలో నేల మీద పడిన తీగ ఇంకో ఇస్త్రీపెట్టె, అంతే. ఇక మాటిమాటికీ పోతోందని ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టిన చోట చెప్పేదేముంది?

అంటే మంచి ఎర్తింగ్ ఒక్కటే ప్రాణాలు కాపాడలేదు. కానీ అది లేకపోతే మిగతా రక్షణలేవీ పనిచేయవు. తడి నేల మీద పడిన తీగకైనా ఫ్యూజు పోవాలంటే, సబ్‌స్టేషన్ రిలే కదలాలంటే, పిడుగు ట్రాన్స్‌ఫార్మర్‌ను వదిలి భూమిలోకి దిగాలంటే ఆ గుంత బతికి ఉండాలి. ఏబీ స్విచ్ హ్యాండిల్‌కు ఎర్త్ లేకపోతే, పైన ఇన్సులేటర్ పగిలిన రోజున దాన్ని పట్టుకున్న చేతికి 11 వేల వోల్టులు తగులుతాయి. లైన్‌మన్ అందుబాటులో లేక, పంట ఎండిపోతుందన్న ఆదుర్దాలో రైతులే స్విచ్ దించి ఫ్యూజులు వేసుకునే ఊళ్లలో ఆ చెయ్యి చాలాసార్లు రైతుదే.

మరో ప్రమాదకరమైన అలవాటు కూడా ఉంది. పొలాల్లో న్యూట్రల్ లేని చోట ఒక ఫేజు తీసుకుని, రెండో తీగను భూమిలో పాతిన కడ్డీకి కలిపి లైటు వెలిగించుకోవడం. బల్బు వెలుగుతుంది నిజమే. కానీ ఆ కడ్డీ చుట్టూ నేల కూడా కరెంటు మోస్తుంది. తడి కాళ్లతో దగ్గరికి వెళ్లిన మనిషికైనా, పశువుకైనా అది ఉచ్చే.

ట్రాన్స్‌ఫార్మర్లు పెరిగాయి, గుంతలో?

వోల్టేజి తేడాల ఖరీదును రైతు ఎప్పటినుంచో తన జేబులోంచే చెల్లిస్తున్నాడు. ప్రపంచబ్యాంకు హర్యానా, ఆంధ్రప్రదేశ్‌లలో వ్యవసాయ విద్యుత్తు మీద జరిపించి 2001లో వెలువరించిన అధ్యయనం, నాసిరకం సరఫరావల్ల మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయి రైతుల మీద పడుతున్న భారాన్ని ప్రత్యేకంగా ఎత్తిచూపింది. మోటారు రీవైండింగ్ షాపు లేని మండల కేంద్రం కనిపించకపోవడానికి కారణం ఇదే. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే చందాలేసుకుని ట్రాక్టర్ మీద మరమ్మతు కేంద్రానికి తరలించడం రెండు రాష్ట్రాల్లోనూ చూసిన దృశ్యమే. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2004లోనే గడువు విధించింది.

అదే ఏడాది ఉచిత విద్యుత్ వచ్చింది. దానితోపాటు కెపాసిటర్లు, ఐఎస్ఐ పంపుసెట్లు, ఘర్షణ తక్కువ ఉండే ఫుట్‌వాల్వులు అమర్చుకోవాలన్న షరతులూ వచ్చాయి. రైతు తన మోటారు దగ్గర ఏం చేయాలో పట్టిక తయారైంది. ట్రాన్స్‌ఫార్మర్ కింద సంస్థ ఏం చేయాలన్నది మాత్రం అంత చర్చకు రాలేదు.

ఆ దశాబ్దంలోనే మొదలైన హెచ్‌వీడీఎస్ పద్ధతి నిజంగా మంచి మార్పు. ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌నుంచి కిలోమీటర్ల కొద్దీ తక్కువ వోల్టేజి తీగలు లాగే బదులు, 11 వేల వోల్టుల లైనునే బావుల దాకా తీసుకెళ్లి, మూడు నాలుగు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం దీని సారాంశం. లైను నష్టాలు తగ్గుతాయి, చివరి మోటారుకూ వోల్టేజి అందుతుంది, ఇది మా ట్రాన్స్‌ఫార్మర్ అన్న బాధ్యత రైతులకు కలుగుతుంది. కానీ దీనికో మెలిక ఉంది. ఒక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ స్థానంలో నాలుగు 25 కేవీఏలు వస్తే మూడు గుంతల స్థానంలో పన్నెండు రావాలి. పన్నెండింటికీ రెండేళ్లకోసారి వేసవి పరీక్ష జరగాలి. ట్రాన్స్‌ఫార్మర్ల సంఖ్య పెరిగినంత వేగంగా వాటికి నీళ్లు పోసే చేతులు పెరగవు.

ఇంట్లో చేయగలిగింది

ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కడం, కంచె దాటడం వినియోగదారుడి పని కాదు. కానీ లక్షణాన్ని గుర్తుపట్టడం ఆయన చేతిలోనే ఉంది. లైట్లు ఒక్కసారిగా మామూలుకంటే ఎక్కువగా వెలిగితే, లేదా ఒక ఉపకరణం వేయగానే మిగతా లైట్లు ఇంకా ప్రకాశవంతమైతే వెంటనే మెయిన్ ఆపేయాలి. అది న్యూట్రల్ వదులైందన్న మొదటి హెచ్చరిక. ఫిర్యాదు చేసేటప్పుడు 'కరెంటు సరిగా లేదు' అనడం కంటే 'మా వైపు ఇళ్లలో ఎక్కువ, అవతలి వైపు తక్కువ, పిండిమిల్లు నడుస్తోంది' అని చెబితే లైన్‌మన్‌కు సగం పని తగ్గుతుంది.

షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడే ఆర్‌సీసీబీ వేరు, వోల్టేజి హద్దు దాటితే సరఫరా ఆపే కటాఫ్ వేరు. మొదటిది ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడం పొరపాటు. న్యూట్రల్ తెగినప్పుడు టీవీని కాపాడేది రెండోదే. బోరు మోటారుకైతే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉండాలి. ఇంట్లో ఎర్త్ గుంత ఖర్చు మిగుల్చుకుందామని స్విచ్‌బోర్డులోనే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఆ ఇంట్లో న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్ తలుపూ, వాషింగ్ మెషీన్ మూతా కరెంటు తీగలే.

2021లో కేంద్రం 3 లక్షల కోట్ల రూపాయలకు పైబడిన అంచనాతో చేపట్టిన పునర్వ్యవస్థీకృత పంపిణీ రంగ పథకంలో ట్రాన్స్‌ఫార్మర్లకూ స్మార్ట్ మీటర్లు పెట్టడం ఒక భాగం. అలాంటి మీటరు ఏ ఫేజులో ఎన్ని వోల్టులున్నాయో సబ్‌డివిజన్ ఆఫీసులో కూర్చున్న ఇంజినీరుకు చూపించగలదు. న్యూట్రల్ తూలిన సంగతి ఊరి టీవీలకంటే ముందు ఆయనకే తెలిసే వీలుంది.

కానీ గుంతలో తడి ఆరిందో లేదో ఆ మీటరు చెప్పదు. దానికి మండుటెండలో ఒక మనిషి ఎర్త్ టెస్టరు పట్టుకుని గద్దె దగ్గరికి నడిచి వెళ్లాలి. అంకె చూడాలి, రిజిస్టరులో రాయాలి, నాలుగు బిందెల నీళ్లు పోయాలి. 1956నుంచి కాగితం మీద ఉన్న పని అదే. ఊరి పెద్దలు గ్రామసభలో అడగాల్సిన ప్రశ్న కూడా ఒక్కటే: మా ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌ను కిందటి వేసవిలో కొలిచారా? కొలిస్తే ఆ అంకె ఎంత?